పొయ్యి లేని ఉడుకు

ఉడుకుతోంది.

పొయ్యి లేదు. పొగ లేదు. మంట లేదు. అయినా ఉడుకుతోంది — వెనక గదిలో, చెక్క పెట్టెల్లో, పాత ఇనుప డబ్బాల కడుపుల్లో. చిటచిట... చిటచిట... బుట్ట నిండా ఎండ్రకాయలు పోసి మూత పెడితే, అవన్నీ చీకట్లో నురగ నములుతున్నట్టు.

మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు.

ఎండ ముదిరేకొద్దీ ఆ చప్పుడు చిక్కబడుతుంది. డాబా మీద సోలార్ పలకలు ఎండ తాగుతాయి. కింద డబ్బాలు ఉడుకుతాయి.

పెద్దది తలుపుకి చెవి ఆనించి వింటోంది. ఇంట్లో అందరికీ ఆమె పెద్దదే, చెల్లికి మాత్రం అక్క. కడుపుతో ఉన్న మనిషి పొట్టకి చెవి ఆనించినట్టు, కళ్ళు మూసుకుని, నవ్వుకుంటూ వింటోంది.

బతికాయి.

చచ్చాయన్నారు అందరూ. బతికాయి!

రైళ్ళు ఆగడం మానేసిన స్టేషన్లో, సిగ్నల్ గదిలో దొరికాయీ బ్యాటరీ డబ్బాలు. పాత ఇనుం కొట్టువాడు తూకానికి పడేశాడు. "తీసుకెళ్ళమ్మా, పూలకుండీలకి పనికొస్తాయి" అన్నాడు.

పూలకుండీలట!

నికెల్ ఒక పక్క. ఇనుము ఒక పక్క. మధ్యన కాస్టిక్ నీళ్ళు. అంతే... నిజంగా అంతే. మామూలు కారు బ్యాటరీ రెండు మూడేళ్ళకే చేతులెత్తేస్తుంది. ఇది ముత్తాత కాలంలో పుట్టి మునిమనవడి కాలంలోనూ లేచి కూర్చుంటుంది. మర్చిపోయినా చావదు. మూలపడేసినా చావదు. పాత నీళ్ళు వంచేసి, కడిగి, కొత్త కాస్టిక్ పోసి, ఎండ తాగించి, తాగిన ఎండంతా కక్కించి, మళ్ళీ తాగించి... ఓపిక పడితే లేస్తుంది.

ఓపిక ఆమెకి లేదు. కానీ చెల్లి ఉంది.

చెల్లిని అందరూ పిచ్చుక అంటారు. తినేదీ పిచ్చుకంతే, కిచకిచలతో ఇల్లు ఎగరగొట్టేదీ పిచ్చుకలాగే. చిన్నప్పటి నుంచీ షుగరు. ముద్ద నోట్లో పెట్టే ముందు సూది. ప్రతి పూటా. ఆ సూదిలోకి ఎక్కే మందు చల్లగా ఉండాలి. వేడికి వదిలేస్తే చూడ్డానికి మామూలుగానే ఉంటుంది — లోపల చచ్చిపోతుంది.

పోయిన ఎండాకాలం కరెంటు పోయింది. వస్తుందన్నారు. రాలేదు. ఇదిగో వచ్చేస్తుందన్నారు. మందు ఎప్పుడు చచ్చిపోయిందో ఎవరికీ తెలీలేదు. పిచ్చుక సూది వేసుకుంటూనే ఉంది... వాడిపోతూనే ఉంది. పెదాలు ఎండిపోయాయి. మాట తడబడింది. ఊపిరి మగ్గిపోయిన పండు వాసన వేసింది.

ఆస్పత్రిలో ఆ వాసన పోయేదాకా అమ్మ మంచం పక్కనుంచి లేవలేదు.

పెద్దదానికి ఇప్పటికీ పోలేదు. బజార్లో పండ్ల బండి పక్కనుంచి నడవాల్సొస్తే ఊపిరి బిగబట్టుకుంటుంది.

అందుకే ఈ ఇనుము.

తుప్పు రంగు నీళ్ళు వంచింది. బ్యాటరీ వాటర్ పోసి కడిగింది, గిలకరించి పారబోసింది, మళ్ళీ కడిగింది. చేతులకి రబ్బరు తొడుగులు, కళ్ళకి అద్దాలు. అయినా ఎక్కడో ఒక చుక్క జారేది. వేలు జిడ్డుగా, జారుడుగా... ఆ జారుడు నూనె కాదు. కాస్టిక్ మన చర్మంలో కొవ్వుని సబ్బు చేసేస్తుంది.

తన వేలే తనకి సబ్బుబిళ్ళ.

మొదటిసారి తెలిసినప్పుడు వేలిని కుళాయి కింద పెట్టి చాలాసేపు రుద్దుకుంది. ఆ ముక్క మనసులో నాటుకుపోయింది. కాస్టిక్‌కి కొవ్వు తగిలితే సబ్బు. నూనె తగిలితే సబ్బు.

అక్కడే మొదలైంది.

మావయ్యకి మాత్రం ఆ గదిలోకి ప్రవేశం లేదు.

అమ్మకి తమ్ముడు. బజారు చివర రోడ్డు పక్కన బ్యాటరీల కొట్టు. కొట్టంటే... నాలుగు గుంజలూ పైన ఒక పట్టా. ఆసిడ్ చింది చింది చొక్కా నిండా చిల్లులే. ఆ చేతి ఆసిడ్ చుక్క ఒక్కటి రాలినా, ఆ గరాటు ఒక్కసారి ముంచినా, ఎందుకూ చావని ఈ ఇనుము దానికి చచ్చి ఊరుకుంటుంది. అందుకని ఆయన గడప బయటే.

"కొత్తల్లుడిలా గడపలోనే ఆగిపోయావేం మావయ్యా? అలకా?" పిచ్చుక వదల్లేదు.

"అలక నాక్కాదే, మీ అక్కకి మడి! బ్యాటరీల మధ్యే నెరిసింది ఈ తల. వీటికి మాత్రం నా గాలి సోకకూడదట."

"నీ చొక్కాలోంచి గాలి మరీ ఎక్కువ వస్తుందిగా. జల్లెడ కదా."

"ఒసేయ్... నీ నోటికి ముందు వెయ్యాలే సూది."

నవ్వులు. గదిలోంచి ఇనుము వాసన. వాన రాబోయే ముందు కిటికీ ఊచలు వేస్తాయే, ఆ వాసన. వాన మాత్రం రాదు. ఎండే వస్తుంది.

ఏది లేచిందో, ఏది ఇంకా నిద్రపోతోందో తెలుసుకోడానికి పెద్దది ఒక ఉపాయం కనిపెట్టింది. మీటరుంది, కానీ ఇదే సరదా. గిన్నెలో సబ్బు నురగ గిలక్కొట్టి, ఒక్కో డబ్బా మూత మీదున్న చిన్న కంతకి కొంచెం పులమడం. నురగ పొంగితే బతికినట్టు. పొంగకపోతే...

"ఈ మూలాయన ఇంకా గురక పెట్టట్లేదక్కా."

"పెడతాడు. ముసలాళ్ళు లేవడానికి టైం పడుతుంది."

ఒకరోజు ఆ నురగలోంచి బుడగ ఒకటి విడిపడింది. మామూలు బుడగైతే కాసేపు తేలి కిందికి వాలిపోతుంది. ఇది వాలలేదు. తాడు తెంపుకున్న దూడలా తిన్నగా పైకి పోయింది. కప్పుకి తగిలింది. లేదు.

పిచ్చుక చప్పట్లు. "మళ్ళీ! మళ్ళీ!"

మళ్ళీ. పైకి. ఇంకోటి. పైకి. వెంటిలేటర్లోంచి ఏటవాలుగా పడుతున్న ఎండలో ఏడు రంగులూ తిప్పుకుంటూ... పైకి.

ఆ బుడగలో ఏముందో పెద్దదానికి తెలుసు. నీళ్ళు విడిపోతే పుట్టే గాలి. అన్నిటికన్నా తేలిక. నిప్పు చూపిస్తే ఠప్పుమంటుంది. చదువుకుంది. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసింది.

తెలిసినవన్నీ తగిన టైంకి గుర్తొస్తాయా ఏంటి... బుడగ అంత అందంగా ఉన్నప్పుడు!

తర్వాత తెల్లపూత పట్టింది.

డబ్బాల మూతల మీద, ఉప్పు పూసినట్టు. తుడిస్తే మళ్ళీ పూసేది. నురగ నీరసంగా పొంగేది. పెద్దది నిద్ర మానేసి వెతికింది, చదివింది, తల పట్టుకుంది. దొరికింది. గాలి! బయటి గాలి, మనం వదిలే ఊపిరి... అదే కాస్టిక్‌ని కొంచెం కొంచెంగా కొరుక్కు తినేస్తోంది. నీళ్ళ మీద పల్చగా నూనె పొర వెయ్యండి, అని రాశారు.

నూనె!

చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. వేలు గుర్తొచ్చింది. సబ్బు గుర్తొచ్చింది. సబ్బుగా మారని నూనె కూడా ఒకటుంటుందని, వాళ్ళు చెప్పింది దాని గురించేనని, ఆమె దాకా రాలేదు. ఆ పేజీ అక్కడితో మూసేసింది.

డబ్బాల్లో నూనె పొయ్యడమేంటి, నాశనం! గదికే మూత పెట్టేస్తే పోలా?

పెట్టింది.

తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ. కిటికీ లేదు, మంచిదే. ఉన్నదల్లా వెంటిలేటర్ — తలుపుకి సరిగ్గా పైన, బయట రేకుల చూరు వెనక దాక్కుని. దానికి లోపల్నించి ప్లాస్టిక్ కాగితం, చుట్టూ టేపు, టేపు మీద టేపు. ఏటవాలు ఎండ ఆరిపోయింది.

"తలుపు వెయ్యి! గాలి!" అని అరవడం ఇంట్లో అలవాటైపోయింది.

తెల్లపూత తగ్గింది. చూశారా!

ఆ ఊపులోనే ఫ్రిజ్ కూడా అక్కడికే తెచ్చింది. బ్యాటరీ మీద నడిచే బుల్లి ఫ్రిజ్. తీగ పొడుగైతే కరెంటు దారిలోనే తరిగిపోతుంది, డబ్బాల పక్కనే ఉండాలి. అమ్మ కుట్టుమిషను మీంచి లేచొచ్చి గుమ్మంలో నిలబడింది. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూది.

"ఆ కాస్టిక్ నీళ్ళు చిందితే పిల్ల మందు మీద పడదూ? పైన పెట్టు. ఇంకా పైన. నా మాట విను."

పైన పెట్టింది. గోడకి ఎత్తుగా, తలుపు కన్నా ఎత్తుగా చెక్క బల్ల కొట్టించి, దాని మీద ఎక్కించింది. మందు తియ్యాలంటే పొడుగు స్టూలు ఎక్కాలి.

టక్.

చల్లదనం తగ్గినప్పుడల్లా ఫ్రిజ్ కింద మోటారు దగ్గర, లోపలెక్కడో ఇనుప నాలుక ఒకటి వెళ్ళి ఇంకోదానికి తగిలేది. టక్. మోటారు మొదలయ్యేది. ఆ టక్ వింటే అమ్మకి గుండె కుదుటపడేది. మందు చల్లబడుతోంది. కరెంటు పోయినా టక్. ఊరంతా విసనకర్రలు ఊపుకుంటున్నా టక్.

ఏమీ కాలేదు.

మావయ్య ఒకసారి గడపలోంచే ముక్కు ఎగబీల్చాడు. "ఉడికేటప్పుడు కాస్త గాలీ అదీ ఆడనిస్తున్నావా?"

"గాలే వీటికి శత్రువు మావయ్యా. వీటి సంగతి వేరు."

ఆయన నాలుగు గుంజల కొట్లో గాలి ఎప్పుడూ అడక్కుండానే ఆడింది. అందుకే గట్టిగా అడగడం ఆయనకి చేతకాలేదు. ఒక్క అడుగు లోపలికి వేసి వెనక్కి తిరిగితే, తలుపు పైన వెంటిలేటర్‌కి అంటించిన ప్లాస్టిక్ కనిపించేది.

అడుగు వెయ్యలేదు. వెయ్యకూడదుగా.

"సరేలే తల్లీ, నీ జాతి వేరు. ఆ లేవని మూలదాన్ని మాత్రం గట్టిగా ఉడకనియ్యి. గింజ ఎంత ముదిరితే మంట అంత కావాలి."

ఇంకో పలక ఎక్కించింది డాబా మీదకి. ఉడుకు పెరిగింది. చిటచిట... చిటచిట. బుడగలు ఎన్ని పుట్టాయో, ఎన్ని పగిలాయో. పగిలినవన్నీ ఎక్కడికి పోయాయో...

పైకి.

ఏమీ కాలేదు. ఏమీ కాలేదు.

ఇవాళ ఎండ తెల్లగా ఉంది.

పెద్దది తలుపు మీంచి చెవి తీసేసరికి పిచ్చుక పక్కనే ఉంది. "ఆకలేస్తోందక్కా. మందు తీసుకుంటా."

"లోపలికి రా, తలుపు వెయ్యి! గాలి!"

"వేశానమ్మా వేశాను."

ముందు గదిలో అమ్మ మిషను టకటకలాడుతోంది. స్కూలు స్టేజీకి నల్ల తెర కుడుతోంది, గదంతా పరుచుకుపోయిన నల్లబట్ట. ఇక్కడ చిటచిట. పెద్దది మోకాళ్ళ మీద కూచుని మూలడబ్బా మీద నురగ పులిమింది.

చూసింది.

నురగ కదిలింది.

పొంగింది!

"పిచ్చుకా! మూలాయన! మూలాయన లేచాడే!"

"హమ్మయ్య, గురక మొదలెట్టాడా!" స్టూలు ఎక్కుతూనే నవ్వింది పిచ్చుక.

నురగలోంచి బుడగ విడిపడింది. అన్నిటికన్నా పెద్ద బుడగ. పైకి లేచింది. పెద్దది మొహం పైకెత్తి దాని వెంట చూపు పంపింది. తలుపు దాటింది. చెక్క బల్ల దాకా వెళ్ళింది. ఫ్రిజ్ కాళ్ళ దగ్గర...

ఆగింది.

కప్పు ఇంకా పైనుంది. ఎవరూ పట్టుకోలేదు. ఏ దారమూ లేదు. నీళ్ళ మీద బెండులా, అక్కడ, గాల్లో, కొంచెం ఊగుతూ... ఆగింది.

పెద్దది నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

ఎందుకాగింది?

తేలికైనది బరువైనదాంట్లో పైకి పోతుంది. ఆగిందంటే... పైనంతా బరువు లేదు. బుడగలో ఉన్నదే, బుడగ బయటా ఉంది. కప్పు నుంచి కిందికి. రోజూ కాస్త, రోజూ కాస్త. ఒకటీ బయటకి పోలేదు. పగిలిన బుడగలన్నీ ఇక్కడే ఉన్నాయి. తలకిందులైన చెరువులాగా... నిండుతూ, దిగుతూ, ఇవాళ్టికి ఫ్రిజ్ కాళ్ళ దాకా.

మోటారు దాకా.

తగిలినప్పుడల్లా రవ్వ రాల్చే ఆ ఇనుప నాలుక దాకా.

చెరువులోకి తల పెట్టి పిచ్చుక నిలబడి ఉంది. చెయ్యి ఫ్రిజ్ తలుపు మీద.

ఫస్... రబ్బరు అంచు ఊడిన చప్పుడు. చల్లటి ఆవిరి చెంపకి తగిలి పిచ్చుక కళ్ళు మూసుకుంది. "అబ్బ, ఇక్కడే ఉండిపోవాలనిపిస్తుందే."

తలుపు తీస్తే చల్లదనం పోతుంది. చల్లదనం పోతే...

అరవకూడదు. ఉలిక్కిపడుతుంది. పడుతుంది.

"పిచ్చుకా." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మెల్లగా మూసెయ్యి."

"మందు తియ్యనీ."

"మూసెయ్యి. దిగు."

"నువ్వే కదే రమ్మన్నావు? ఆకలితో ఉన్నదాన్ని—"

"బంగారం కదూ. దిగు."

బంగారం! పిచ్చుకని ఎప్పుడూ అలా అనలేదు. ఆస్పత్రిలో తప్ప. పిచ్చుక ఒక్కసారి అక్క మొహం చూసింది. మూసింది. దిగింది. ఒక్కో మెట్టూ కిర్రుమంది. చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

తలుపు బార్లా తీసి పెట్టింది పెద్దది. లాభం లేదని అప్పుడే తెలిసింది. తలుపు పొట్టిది. ఆ గాలి తలుపు కన్నా పైన ఉంది.

"అమ్మా! ఏ స్విచ్చూ ముట్టుకోకు, మిషను మీంచి కాలు తీసెయ్యి చాలు! బయటికి రా!"

"ఏమైందే?"

"రా అమ్మా!"

తీగ పీకితే నిప్పురవ్వ. స్విచ్చు వేసినా రవ్వే, తీసినా రవ్వే. లోపల దేన్నీ ముట్టుకోకూడదు. మరి బయట... ఎండ! ఎండని ఆపాలి. పెద్దది నల్లతెర చుట్టచుట్టి భుజాన వేసుకుని డాబా మెట్లు ఎక్కింది. వెనకే అమ్మ, తెర కొంగు పట్టుకుని, గుండుసూది ఇంకా పెదాల మధ్యే. పలకల మీద పరిచారు. ఇటుకలు పెట్టారు. అరికాళ్ళు కాలిపోయాయి. మిట్టమధ్యాహ్నం మీద ముసుగు.

కిందికొచ్చేసరికి, భోజనానికొచ్చిన మావయ్య బండి గోడకి ఆనించి ఉంది. పిచ్చుక అప్పటికే ఏదో చెప్పేసింది. ఆయన గడపలో నిలబడి ఉన్నాడు. ఎప్పటిలాగే.

"వెంటిలేటర్..." పెద్దది చూరు వైపు చెయ్యి చూపించింది. "నేనే మూసేశా మావయ్యా."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇనుము వద్దు," అన్నాడు. "కర్ర ఏదన్నా ఇవ్వండి."

అమ్మ గుడ్డలు కొలిచే గజంబద్ద. పాత చెక్క, వేళ్ళకి అరిగిపోయింది. ఆయన గోడెక్కి, చూరు కింద చెయ్యి దూర్చి, జాలీలోంచి పొడిచాడు. ప్లాస్టిక్ లొంగింది. సాగింది. టేపు మీద టేపు, దాని మీద టేపు... పెద్దది ఎంత బాగా అంటించిందో. మళ్ళీ పొడిచాడు. చిరిగింది. ఒక చిల్లు. ఆయన చొక్కా మీదున్నంత చిల్లు.

"పోతోందా?" అమ్మ అడిగింది.

ఎవరు చెప్పాలి? రంగు లేదు. వాసన లేదు. పోతోందో, ఇంకా ఉందో...

"దిగు మావయ్యా. చాలు. దిగు!"

నలుగురూ వీధికి అవతల, ఎదురింటి గోడ కింద చారెడు నీడలో కూచున్నారు. అటువైపు ఇళ్ళ తలుపులన్నీ అమ్మ తట్టొచ్చింది. జనం దూరంగా, ఎండలో, చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. చూడ్డానికి ఏముంది? ఒక ఇల్లు. డాబా మీద నల్లబట్ట.

ఫ్రిజ్ వేడెక్కుతూ ఉంటుంది. లోపల పిచ్చుక మందంతా. ఎప్పుడో ఒకప్పుడు ఆ ఇనుప నాలుక కదలాలి. కదలడానికే పుట్టింది. బతికించడానికే కదులుతుంది.

టక్ మంటే ఇల్లు.

టక్ మనకపోతే మందు.

"అక్కా," అంది పిచ్చుక, తల భుజానికి ఆనించి. "ఆకలి పోయిందే."

పెద్దది వంగి ఆమె ఊపిరి వాసన చూసింది. మళ్ళీ చూసింది.

ఏమీ లేదు... ఎండ వాసన. సబ్బు వాసన.

మావయ్య ఒక వేలెత్తాడు. వినమని. అందరూ ఊపిరి బిగబట్టారు. నల్లబట్ట కప్పినా, ఎండ ఆగినా, తాగినదాన్ని అరిగించుకుంటూ ఆ ముసలి కడుపులు ఇంకా... చిటచిట. బార్లా తీసిన తలుపులోంచి, వీధి దాటి, వాళ్ళ దాకా. చిటచిట... చిట.

మూలాయన గొంతు కూడా ఉంది అందులో. కొత్తగా లేచినవాడు.

ఉడుకుతోంది.

పొయ్యి లేదు. పొగ లేదు.

మంట... ఇంకా లేదు.